సూక్ష్మజీవ ఫోరెన్సిక్స్ పరిశోధనకు నిధులు తెచ్చుకోవడం ఎలా: తొలి ప్రశ్న నుంచి చివరి విడత దాకా

విశ్వవిద్యాలయాల్లోని మైక్రోబయాలజీ అధ్యాపకులు, ఫోరెన్సిక్ ల్యాబ్‌ల శాస్త్రవేత్తలు, బయోటెక్ అంకుర సంస్థలు పెట్టిన యువకులు పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది. "మా దగ్గర మంచి పద్ధతి ఉంది. దేశ జీవభద్రతకు పనికొస్తుంది. అయినా ప్రతిపాదన తిరిగొచ్చింది. ఎక్కడ తప్పు చేశాం?"

తప్పు చాలావరకు మొదటి పేజీలోనే ఉంటుంది. ప్రతిపాదన సీక్వెన్సింగ్ యంత్రంతో (డీఎన్‌ఏ అక్షరాల వరుసను చదివేది) మొదలై, యంత్రం ధరతోనే ముగుస్తుంది. నిధులిచ్చే సంస్థకు కావలసింది యంత్రం కాదు. ఒక వ్యాధి ప్రబలినప్పుడు అది సహజంగా వచ్చిందా, ప్రమాదవశాత్తు బయటపడిందా, ఎవరైనా కావాలని చేశారా అనే ప్రశ్నకు న్యాయస్థానంలో నిలబడే జవాబు కావాలి. ఆ జవాబు వెతికే శాస్త్రమే సూక్ష్మజీవ ఫోరెన్సిక్స్. ఆ జవాబును నిలబెట్టేవి పోలిక నమూనాలు, ధ్రువీకరణ, శిక్షణ పొందిన మనుషులు. డబ్బు కూడా వాటికే అడగాలి. కింది మెట్లన్నీ ఈ మాట మీదే నడుస్తాయి.

ఇది భారతదేశంలో, ప్రధానంగా ప్రభుత్వ నిధులకు దరఖాస్తు చేసేవారి కోసం రాసింది. పథకాల గడువులు, పరిమితులు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు చేసే రోజున ఆ సంస్థ ప్రకటనను తప్పక చదవండి.

## 1. ముందు ప్రశ్న రాయండి

ఖాళీ కాగితం మీద ఒకే వాక్యం రాయండి. దర్యాప్తు అధికారి మిమ్మల్ని ఏమి అడుగుతాడు? "ఈ జబ్బు ఏమిటి?" అన్నది వైద్యుడి ప్రశ్న. "ఈ పశువు నుంచి తీసిన ఆంత్రాక్స్, ఆ ల్యాబ్ ఫ్రీజర్‌లో దొరికిన ఆంత్రాక్స్ ఒకే మూలానివా?" అన్నది ఫోరెన్సిక్ ప్రశ్న. రెంటికీ వాడే పరికరాలు ఒకటే కావచ్చు, అవసరమయ్యే రుజువు మాత్రం వేరు.

ప్రశ్న తప్పితే ఏమవుతుందో చూడండి. 1984లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం ద డాల్స్ పట్టణంలో 751 మందికి సాల్మొనెల్లా సోకింది. వంటవాళ్ల అపరిశుభ్రతే కారణమని ఆరోగ్యశాఖ మొదట భావించింది. రజనీష్ ఆశ్రమంలోని క్లినిక్ ల్యాబ్‌లో అదే స్ట్రెయిన్ (జీవిలోని ఉపరకం) కల్చర్ (ల్యాబ్‌లో పెంచిన జీవులు) దొరికి, ఇది ఆశ్రమవాసులు కావాలని చేసిన పనేనని తేలడానికి ఏడాది పట్టింది. జీవి ఏమిటో మొదట్లోనే తెలిసింది. అది ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకే జవాబు ఆలస్యమైంది.

మీ ప్రశ్నను ఈ నాలుగు గడుల్లో పెట్టి చూడండి:

- ఏ జీవి, లేదా ఏ విషం? (ఒకటి, మహా అయితే రెండు)
- ఏ రకం నమూనా? (మట్టి, రక్తం, ఆహారం, నీరు, పొడి, గుడ్డ)
- జవాబు ఎవరి చేతికి వెళ్తుంది? (జిల్లా పశువైద్యాధికారి, పోలీసు, కోర్టు, కేంద్ర హోంశాఖ)
- ఎన్ని గంటల్లో లేదా రోజుల్లో వెళ్లాలి?

"అన్ని వ్యాధికారకాలను గుర్తించే ఒకే వేదిక" అని రాసిన ప్రతిపాదనను పరీక్షకులు సాధారణంగా నమ్మరు. ఒక జీవి మీద పద్ధతిని పూర్తిగా నిరూపించి, రెండో జీవికి ఎలా విస్తరిస్తారో చివర ఒక పేరాలో చెప్పండి.

## 2. పోల్చడానికి మీ దగ్గర ఏముందో లెక్క చూసుకోండి

ఈ మెట్టు మీద ఎక్కువ సమయం పెట్టండి. సూక్ష్మజీవ ఫోరెన్సిక్స్‌లో ప్రతి జవాబూ పోలికే. పోలిక నమూనాలు లేనిచోట ఎంత ఖరీదైన సీక్వెన్సింగ్ అయినా అక్షరాల వరుసగానే మిగులుతుంది.

2001లో అమెరికాలో తపాలా ద్వారా వచ్చిన ఆంత్రాక్స్ ఉత్తరాల వల్ల 22 మందికి వ్యాధి సోకి ఐదుగురు చనిపోయారు. దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ, ఉత్తరాల్లో ఉన్న ఏమ్స్ అనే స్ట్రెయిన్ ఎక్కడెక్కడ ఉందో వెతికి, వెయ్యికి పైగా నమూనాలను సేకరించింది. ఉత్తరాల్లోని స్పోర్లలో (బ్యాక్టీరియా నిద్రాణ బీజాలు) కనిపించిన నాలుగు జన్యు మార్పులూ కలిసి ఉన్న నమూనాలు వాటిలో ఎనిమిదే తేలాయి. ఇంత చేసినా, కేవలం విజ్ఞాన సాక్ష్యంతో ఆ స్పోర్ల మూలాన్ని ఖరారుగా తేల్చలేమని అమెరికా జాతీయ పరిశోధన మండలి సంఘం 2011లో చెప్పింది. ప్రతిపాదన రాసేవారంతా ఆ వాక్యాన్ని గుర్తుంచుకోవాలి. వెయ్యి నమూనాల సంచయమే ఖచ్చితమైన మాట చెప్పలేకపోయినప్పుడు పాతిక నమూనాలతో "మూలాన్ని నిర్ధారిస్తాం" అని రాయకూడదు.

మన దగ్గరి పరిస్థితికి వద్దాం. రాయలసీమలో గొర్రెలకు, మేకలకు, విశాఖ మన్యంలో చనిపోయిన పశువుల మాంసం ముట్టినవారికి ఆంత్రాక్స్ సోకిన సందర్భాలు ఉన్నాయి. అంటే ఈ నేలలో ఆ జీవి సహజంగానే ఉంది. రేపు అనుమానాస్పద ఘటన జరిగితే మొదట తేలవలసింది, దొరికిన స్ట్రెయిన్ ఈ మట్టిదా, బయటిదా అన్నదే. మన జిల్లాల స్ట్రెయిన్ల జీనోమ్‌లు (పూర్తి జన్యు అక్షరక్రమాలు) తగినన్ని లేకుండా ఆ మాట ఎవరూ చెప్పలేరు.

ఇంకో చిక్కు ఉంది. పశువులకు వేసే ఆంత్రాక్స్ టీకా స్టెర్న్ అనే బలహీన స్ట్రెయిన్‌తో తయారవుతుంది. టీకాలు వేసే ప్రాంతంలో నమూనా తీస్తే టీకా స్ట్రెయిన్ తగిలే అవకాశం ఉంటుంది. టోక్యోలోని కమేయిదోలో 1993లో ఓం షిన్రిక్యో అనే మత ముఠా వెదజల్లింది కూడా స్టెర్న్ రకమేనని, దాచి ఉంచిన నమూనాను ఏళ్ల తర్వాత పరీక్షించినప్పుడు తేలింది. కాబట్టి టీకా స్ట్రెయిన్‌ను వేరుచేసి చూపే పరీక్ష మీ ప్రణాళికలో మొదటి పని కావాలి.

జీవి స్వభావాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి. ఆంత్రాక్స్ స్పోర్లు మట్టిలో దశాబ్దాలు నిద్రాణంగా ఉంటాయి, జన్యు మార్పులు చాలా తక్కువ. రెండు నమూనాలు ఒకేలా ఉన్నంత మాత్రాన ఒకే చేతి నుంచి వచ్చాయని కాదు. ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లు ఇందుకు విరుద్ధం, వారాల్లోనే మారుతుంటాయి. ఎంత తేడాను "తేడా" అనాలో జీవిని బట్టి ముందే నిర్వచించి రాయాలి.

పోలిక నమూనాల కోసం ఈ క్రమంలో వెతకండి:

- మీ సంస్థ ఫ్రీజర్లలో ఉన్న పాత ఐసొలేట్లు (నమూనా నుంచి వేరుచేసి పెంచిన జీవులు): ఎప్పుడు, ఎక్కడ, ఏ పశువు లేదా రోగి నుంచి తీశారో రికార్డు ఉన్నవి మాత్రమే లెక్కలోకి వస్తాయి.
- పశుసంవర్ధక శాఖ వ్యాధి నిర్ధారణ ల్యాబ్‌లు, వైద్య కళాశాలలు.
- చండీగఢ్‌లోని ఎంటీసీసీ, పుణెలోని జాతీయ సూక్ష్మజీవ వనరుల కేంద్రం వంటి కల్చర్ సంచయాలు.
- ఫరీదాబాద్‌లోని భారతీయ జీవ దత్తాంశ కేంద్రం, అంతర్జాతీయ జీనోమ్ భాండాగారాలు.

విదేశీ భాండాగారాల్లో ఉన్న జీనోమ్‌లు చాలనుకోవద్దు. 2010లో హైతీలో కలరా ప్రబలినప్పుడు, నేపాల్ నుంచి సేకరించిన ఐసొలేట్ల జీనోమ్‌లతో పోల్చాకే మూలం స్పష్టపడింది. ఆ ఐసొలేట్లు ఎవరూ దాచకపోయి ఉంటే వాదన అనుమానంగానే మిగిలేది.

## 3. ఏ సంస్థను అడగాలో తేల్చుకోండి

ఒకే ప్రతిపాదనను అయిదు చోట్లకు పంపడం పెద్ద పొరపాటు. ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క ఫలితానికి డబ్బు ఇస్తుంది.

బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ). పద్ధతి అభివృద్ధి, అంటువ్యాధుల జీనోమిక్స్, పశువులూ మనుషులూ కలిసే వ్యాధుల పరిశోధన. సూక్ష్మజీవ ఫోరెన్సిక్స్ అనే పేరుతో ప్రతిపాదనల కోసం పిలుపు ఉండకపోవచ్చు. రోగకారక నిఘా, ఏకారోగ్యం (మనుషుల, పశువుల, పర్యావరణ ఆరోగ్యాన్ని కలిపి చూడటం) వంటి పిలుపుల్లో మీ ప్రశ్నను ఇమడ్చాలి.

బైరాక్ (బయోటెక్ పరిశ్రమకు తోడ్పడే ప్రభుత్వ సంస్థ). అంకుర సంస్థలకు ఇదే మొదటి తలుపు. బయోటెక్నాలజీ ఇగ్నిషన్ గ్రాంటు కింద 18 నెలల వ్యవధికి 50 లక్షల రూపాయల వరకు ఇస్తుంది. ఆ డబ్బుతో నమూనా సేకరణ కిట్, నమూనా నుంచి డీఎన్‌ఏ తీసే పద్ధతి, విశ్లేషణ సాఫ్ట్‌వేర్ వంటి ఒక ముక్కను నిరూపించవచ్చు. జాతీయ జీనోమ్ సంచయాన్ని నిర్మిస్తామని అక్కడ రాయకండి.

అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ (ఏఎన్‌ఆర్‌ఎఫ్). 2023 చట్టంతో ఏర్పడి, పాత సెర్బ్ (విజ్ఞాన, ఇంజనీరింగ్ పరిశోధన బోర్డు) స్థానంలోకి వచ్చింది. జన్యు మార్పుల వేగం, గణాంక నమూనాలు, మిశ్రమ నమూనాల నుంచి స్ట్రెయిన్‌ను విడదీయడం వంటి మౌలిక ప్రశ్నలకు ఇది తగిన చోటు.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్). రోగుల నమూనాలు, ఆసుపత్రుల జాలం, ఆహార విషప్రయోగ దర్యాప్తు ఉన్న పనికి.

డీఆర్‌డీవో. టెక్నాలజీ డెవలప్‌మెంట్ ఫండ్ ద్వారా పరిశ్రమలకు, విడి పథకాల ద్వారా విద్యాసంస్థలకు. గ్వాలియర్‌లోని దాని ప్రయోగశాల జీవ, రసాయన ముప్పుల గుర్తింపు మీదే పనిచేస్తుంది. ఇక్కడ క్షేత్రంలో వాడగల పరికరం కావాలి, వ్యాసం కాదు.

కేంద్ర హోంశాఖ. ఫోరెన్సిక్ సేవల డైరెక్టరేట్ కింద కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబ్‌లు ఉన్నాయి, హైదరాబాద్‌లోనూ ఒకటి ఉంది. 2024 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన జాతీయ ఫోరెన్సిక్ మౌలిక వసతుల పథకం విలువ 2,254.43 కోట్ల రూపాయలు, కాలం 2028-29 వరకు. అది ప్రధానంగా విశ్వవిద్యాలయ ప్రాంగణాలు, కేంద్ర ల్యాబ్‌ల కోసం. బయటి పరిశోధకుడు నేరుగా ఆ డబ్బు అడగలేకపోయినా, ఆ ల్యాబ్‌లతో కలిసి పద్ధతిని ధ్రువీకరించుకునే దారి వెతకాలి.

నా సలహా: పద్ధతి ఇంకా నిరూపణ కాలేదంటే డీబీటీ లేదా ఏఎన్‌ఆర్‌ఎఫ్, నిరూపణ అయి ఉత్పత్తిగా మారాలంటే బైరాక్, వాడబోయే యూనిట్ ఇప్పటికే మీతో మాట్లాడుతుంటే డీఆర్‌డీవో.

## 4. జట్టు కట్టండి, సంతకాలు ముందే తెచ్చుకోండి

మైక్రోబయాలజిస్టు, బయోఇన్ఫర్మాటిక్స్ నిపుణుడు ఎటూ ఉంటారు. సాధారణంగా తప్పిపోయేది ఇద్దరు: గణాంక శాస్త్రజ్ఞుడు, ఫోరెన్సిక్ ల్యాబ్ భాగస్వామి.

రెండోది ఎందుకు ముఖ్యమో చట్టమే చెబుతుంది. భారతీయ సాక్ష్య అధినియమ్ 39వ సెక్షన్ నిపుణుల అభిప్రాయాన్ని సాక్ష్యంగా అనుమతిస్తుంది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 329వ సెక్షన్, అందులో పేర్కొన్న ప్రభుత్వ నిపుణుల నివేదికలను నేరుగా సాక్ష్యంగా వాడుకోనిస్తుంది. కేంద్ర, రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబ్‌ల డైరెక్టర్లు ఆ జాబితాలో ఉన్నారు. విశ్వవిద్యాలయ ఆచార్యుడికి, అంకుర సంస్థకు ఆ వెసులుబాటు దానంతటదే రాదు. మీ పద్ధతి చివరికి ఎవరి సంతకంతో కోర్టుకు వెళ్తుందో ఆ ల్యాబ్ మొదటి రోజు నుంచీ మీతో ఉండాలి.

హైదరాబాద్ వారికి ఇది అందుబాటులో ఉన్న అవకాశం. కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీ, డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం సీడీఎఫ్‌డీ, జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ, కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబ్ ఒకే నగరంలో ఉన్నాయి. జీనోమ్ తెలిసినవారు, పశువ్యాధులు తెలిసినవారు, కోర్టు తెలిసినవారు ఒకే గదిలో కూర్చోగల నగరాలు దేశంలో ఎక్కువ లేవు.

సమర్పణకు ముందు చేతిలో ఉండవలసినవి:

- ప్రతి భాగస్వామి నుంచి, ఏ పని చేస్తారో స్పష్టంగా రాసిన అంగీకార పత్రం. "సహకరిస్తాం" అన్న ఒక్క మాట చాలదు.
- నమూనాల మార్పిడి ఒప్పందం ముసాయిదా.
- జీనోమ్ సమాచారం ఎవరిది, ఎవరు ఎప్పుడు బయటపెట్టవచ్చు అన్న ఒప్పందం.
- ప్రధాన పరిశోధకుడు బదిలీ అయినా, పదవీ విరమణ చేసినా పని చూసేవారి పేరు.

## 5. అనుమతులను కాలక్రమంలో పెట్టండి

అనుమతులు మంజూరు తర్వాత చూసుకుందామనుకుంటే మొదటి ఏడాది అక్కడే పోతుంది. ఈ వరుసలో నడవండి.

మొదట సంస్థాగత జీవభద్రత కమిటీ. హానికర సూక్ష్మజీవుల మీద 1989 నాటి నిబంధనల ప్రకారం దాని ఆమోదం లేకుండా పని మొదలుకాదు. జీవి ప్రమాద వర్గాన్ని బట్టి పై కమిటీకి వెళ్లాలి. ఏ స్థాయి ల్యాబ్‌లో ఏ పని జరుగుతుందో పట్టికగా రాయండి. సజీవ కల్చర్ పని తగిన స్థాయి ల్యాబ్ ఉన్న భాగస్వామి దగ్గర జరిపించి, నిర్వీర్యం చేసి తీసిన డీఎన్‌ఏ మాత్రమే మీ దగ్గరకు తెచ్చుకోండి. ఖర్చూ తగ్గుతుంది, ప్రమాదమూ తగ్గుతుంది, పరీక్షకుల భయమూ తగ్గుతుంది.

రోగుల నమూనాలుంటే సంస్థాగత నైతికత కమిటీ. విదేశీ భాగస్వామి లేదా విదేశీ నిధి ఉన్న వైద్య పరిశోధనకు ఆరోగ్యశాఖ పరిశీలన కమిటీ ఆమోదం కావాలి. మన జీవవనరులు దేశం దాటుతుంటే జీవవైవిధ్య చట్టం వర్తిస్తుంది. సూక్ష్మజీవులు, విషాలు, సంబంధిత సాంకేతికత ఎగుమతి నియంత్రణలో ఉన్న స్కోమెట్ జాబితాలోని రెండో వర్గంలోకి వస్తాయి. నమూనా ఒక్కటే కాదు, సాంకేతిక సమాచారాన్ని ఈమెయిల్‌లో పంపడం కూడా నియంత్రణ పరిధిలోకి రావచ్చు. మీ సంస్థ న్యాయ విభాగంతో ముందే మాట్లాడండి.

## 6. ధ్రువీకరణను ప్రతిపాదన గుండెకాయగా పెట్టండి

పద్ధతి పనిచేస్తుందని చెప్పడం పరిశోధన. ఎప్పుడు పనిచేయదో చెప్పగలగడం ఫోరెన్సిక్స్. పరీక్షకులు ఈ భాగాన్నే రెండుసార్లు చదువుతారు. ప్రతిపాదన పొడవులో కనీసం నాలుగో వంతు దీనికివ్వండి.

రాయవలసినవి వరుసగా:

1. ఎంత తక్కువ పరిమాణం వరకు గుర్తించగలదు, అదీ శుభ్రమైన కల్చర్‌లో కాదు, మట్టి, రక్తం కలిసిన అసలు నమూనాలో.
2. దగ్గరి బంధు జీవులతో పొరబడుతుందా? ఆంత్రాక్స్‌కు బాసిల్లస్ సీరియస్ ఉదాహరణ.
3. అదే నమూనాను వేరే మనిషి, వేరే రోజు, వేరే ల్యాబ్‌లో చేస్తే అదే జవాబు వస్తుందా?
4. లోపల ఏముందో చెప్పకుండా ఇచ్చిన నమూనాల్లో తప్పుల శాతం ఎంత?
5. ఎండకు, తేమకు, శుద్ధి రసాయనాలకు గురైన నమూనాలో ఏమవుతుంది?

ఖాళీ నియంత్రణ నమూనాల (ఏ జీవీ వేయకుండా నడిపే పరీక్షలు) గురించి విడిగా చెప్పాలి. జర్మనీలో ఒక మహిళ డీఎన్‌ఏ పదుల సంఖ్యలో నేరస్థలాల్లో కనిపించింది. హైల్‌బ్రాన్‌లో పోలీసు అధికారిణి హత్య కూడా వాటిలో ఉంది. ఆ డీఎన్‌ఏ, నమూనాలు తీసే దూది పుల్లలను తయారు చేసే చోట పనిచేసిన ఉద్యోగినిదని 2009లో తేలింది. సూక్ష్మజీవుల విషయంలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకంటే డీఎన్‌ఏ తీసే కిట్లలోనే బ్యాక్టీరియా జాడలు ఉంటాయి. ప్రతి విడత నమూనాలతో పాటు ఖాళీ పుల్ల, ఖాళీ కిట్ నడపాలి. ఆ ఖర్చును బడ్జెట్‌లో చూపాలి.

జవాబు చెప్పే భాష కూడా ముందే నిర్ణయించాలి. "సరిపోయింది" అని రాయకండి. ఈ రెండు నమూనాలు ఒకే మూలానివైతే ఇలాంటి పోలిక కనిపించే సంభావ్యత ఎంత, వేర్వేరు మూలాలవైతే ఎంత? ఆ రెంటి నిష్పత్తిని చెప్పాలి. ఆ లెక్కకు రెండో మెట్టులోని పోలిక సంచయమే ఆధారం. గణాంక నిపుణుడు ఎందుకు కావాలో ఇక్కడ తెలుస్తుంది.

అప్పగింతల రికార్డు మరో స్తంభం. నమూనా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి, ఏ సమయంలో, ఏ ఉష్ణోగ్రతలో మారిందో రాతలో ఉండాలి. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడగల నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలానికి వెళ్లి సాక్ష్యం సేకరించాలని నాగరిక్ సురక్షా సంహిత 176వ సెక్షన్ చెబుతోంది. సోదాల దృశ్య చిత్రీకరణను 105వ సెక్షన్ కోరుతోంది. మీ సేకరణ విధానం వీటితో పొసగాలి. విశ్లేషణ ఫైళ్లు ఎలక్ట్రానిక్ సాక్ష్యం కాబట్టి సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఇచ్చే ధ్రువపత్రం కోసం సాఫ్ట్‌వేర్ వెర్షన్లు, ఫైళ్ల హాష్ విలువలు (ఫైలు మారలేదని చూపే గుర్తులు) దాచి ఉంచాలి.

నమూనాలో సగం విడిగా, వీలైతే వేరే భవనంలో దాచండి. అమెరికా ఆంత్రాక్స్ దర్యాప్తులో, 2002 ఫిబ్రవరిలో వచ్చిన ఒక కీలక నమూనాను నిబంధనల ప్రకారం తయారు చేయలేదన్న కారణంతో దర్యాప్తు సంస్థ నాశనం చేసింది. దాని రెండో ప్రతి నార్తర్న్ అరిజోనా విశ్వవిద్యాలయంలో మిగిలి ఉండటం వల్లే తర్వాత దాన్ని పరీక్షించగలిగారు. నిబంధన పాటించని నమూనాను కూడా పారేయకూడదని మీ విధాన పత్రంలో ఒక పంక్తి రాయండి.

## 7. బడ్జెట్ వేయండి

యంత్రాన్ని ముందు పెట్టే బడ్జెట్‌ను చూస్తే నాకు బాధేస్తుంది. సర్వీసు ఒప్పందానికి డబ్బులేక మూడో ఏట మూలపడిన సీక్వెన్సర్ ఏ దర్యాప్తుకూ పనికిరాదు, కానీ ఆ డబ్బుతో ఏళ్ల తరబడి పోలిక నమూనాలు సేకరించి ఉండవచ్చు.

నా కొలత ఇది. కొత్త పరికరాలు మొత్తంలో మూడో వంతు దాటకూడదు. సీక్వెన్సింగ్‌ను ఇప్పటికే యంత్రాలున్న సంస్థలో చేయించండి. అక్కడి నుంచి నమూనాకు ఇంత అని రాతపూర్వక కొటేషన్ తీసుకుని జతచేయండి.

తప్పక ఉండవలసిన పద్దులు:

- నమూనా సేకరణ ప్రయాణాలు, చల్లగా తరలించే ఏర్పాట్లు, మూడు పొరల ప్యాకింగ్.
- మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌తో పాటు దానికి జనరేటర్, ఉష్ణోగ్రత హెచ్చరిక పరికరం.
- పరిశోధన సహాయకులు. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో) నెలకు 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో) 42,000 రూపాయలు (2023 సవరణ), దానిపై ఇంటి అద్దె భత్యం.
- నాణ్యత అధికారి. చాలామంది మరచిపోయే పదవి ఇదే.
- ల్యాబ్‌లకు జాతీయ మండలి ఇచ్చే ఎన్‌ఏబీఎల్ గుర్తింపు, ఐఎస్‌ఓ 17025 (పరీక్షా ల్యాబ్‌ల నాణ్యత ప్రమాణం) తయారీ, ఇతర ల్యాబ్‌లతో పోలిక పరీక్షలు.
- సమాచార నిల్వ, రెండో చోట నకలు, భద్రత.
- వారంటీ తర్వాతి నిర్వహణ ఒప్పందం.
- సిబ్బంది టీకాలు, జీవభద్రత శిక్షణ.

కొటేషన్‌లో జీఎస్టీ, కస్టమ్స్ కలిపి ఉన్నాయో లేదో చూడండి. దిగుమతి రీజెంట్లకు కాలపరిమితి తక్కువ. ఒకేసారి కొనకుండా విడతలుగా తెప్పించేలా వార్షిక పట్టిక వేయండి.

## 8. బహిరంగ పత్రంలో ఏది రాయకూడదో ముందే విడదీయండి

ప్రతిపాదన చాలామంది చేతుల మీదుగా వెళ్తుంది. అందుకే రెండు భాగాలు చేయండి. ప్రధాన పత్రంలో ప్రశ్న, పద్ధతి, ధ్రువీకరణ, బడ్జెట్. ప్రమాదకర కల్చర్లు ఎక్కడ ఏ గదిలో ఉన్నాయి, ఏ ప్రాంతంలో నిఘా బలహీనంగా ఉంది, గుర్తింపును ఎలా తప్పించుకోవచ్చు వంటి వివరాలు బహిరంగ పత్రంలో ఉండకూడదు. అవసరమైతే "అడిగిన అధికారికి విడిగా సమర్పిస్తాం" అని రాసి, అందజేసే పద్ధతిని సంస్థతో మాట్లాడుకోండి.

ముప్పును పెంచి చూపి డబ్బు అడగవద్దు. భయానక దృశ్యాలతో నిండిన మొదటి పేజీ పరీక్షకుల నమ్మకాన్ని తగ్గిస్తుంది. జీవి తీవ్రతను పెంచే ప్రయోగాలేవీ చేయమని స్పష్టంగా ఒక వాక్యం రాయండి. దుర్వినియోగ అవకాశం ఉన్న ఫలితం వస్తే ఎవరికి చెబుతారో, ప్రచురణకు ముందు ఎవరు చూస్తారో కూడా రాయండి. 1972లో సంతకాలకు తెరిచిన జీవ ఆయుధాల ఒప్పందంలో భారత్ భాగస్వామి. మన పని రక్షణ కోసమేనని పత్రం చదివే ఎవరికైనా అనుమానం లేకుండా కనిపించాలి.

## 9. మైలురాళ్లు పెట్టండి, ఆపే చోటు కూడా చెప్పండి

మూడేళ్ల పనిని ఆరు నెలల ముక్కలుగా విడదీయండి. ప్రతి ముక్క చివర కొలవగల ఫలితం ఉండాలి. "విశ్లేషణ జరుగుతుంది" అన్నది ఫలితం కాదు. "రికార్డులు పూర్తిగా ఉన్న ఐసొలేట్ల జీనోమ్‌లు భాండాగారంలో చేరుతాయి, టీకా స్ట్రెయిన్‌ను వేరుచేసే పరీక్ష రెండు ల్యాబ్‌లలో ఒకే జవాబు ఇస్తుంది" అన్నది ఫలితం.

మొదటి ఏడాది చివర ఒక నిర్ణయ బిందువు పెట్టండి. అసలు నమూనాల్లో గుర్తింపు పరిమితి మీరనుకున్న స్థాయికి రాకపోతే ఏం చేస్తారు? పద్ధతి మారుస్తారా, పని ఆపుతారా? ఇది రాసినవారి మీద నమ్మకం పెరుగుతుంది.

ప్రజెంటేషన్‌కు పిలిస్తే పది స్లైడ్లు చాలు. ఈ మూడు ప్రశ్నలకు జవాబు సిద్ధంగా ఉంచుకోండి: "ఇప్పుడున్న నిఘా జాలాలు ఈ పని చేయడం లేదా?", "మూడేళ్ల తర్వాత దీన్ని ఎవరు నడుపుతారు?", "ప్రతివాది న్యాయవాది మొదట ఎక్కడ దెబ్బకొడతాడు?" మొదటిదానికి జవాబు: నిఘా వ్యాప్తిని చూస్తుంది, మేము మూలాన్ని, దాని మీద ఎంత నమ్మకం పెట్టవచ్చో చెబుతాం. రెండోదానికి భాగస్వామి ల్యాబ్ అంగీకార పత్రమే జవాబు. మూడోదానికి మీ తప్పుల శాతాన్ని మీరే ముందు చెప్పండి.

## 10. మంజూరైన తర్వాత

మంజూరు ఉత్తర్వులోని షరతులన్నీ చదివి, తేదీలను గోడ మీద అతికించండి. డబ్బు విడతలుగా వస్తుంది. వినియోగ ధ్రువపత్రం, ఖర్చుల వివరణ సమయానికి వెళ్లకపోతే తర్వాతి విడత ఆగుతుంది. ధ్రువపత్రానికి సాధారణ ఆర్థిక నిబంధనల్లోని 12-ఏ నమూనా వాడాలి. మార్చి 31 దగ్గరపడ్డాక అకౌంట్స్ విభాగం చుట్టూ తిరగకుండా జనవరిలోనే లెక్కలు సరిచూసుకోండి.

విడత ఆలస్యమైనా ఆగకూడని పనులు రెండు: ఫ్రీజర్ కరెంటు, సహాయకుల జీతాలు. ఈ రెంటికీ మూడు నెలల మొత్తాన్ని తాత్కాలికంగా సర్దుతామని మీ సంస్థ నుంచి రాతపూర్వక హామీ ముందే తీసుకోండి.

మొదటి మూడు నెలల పనుల పట్టిక:

- నియామక ప్రకటన, ఎంపిక.
- ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్‌లో కొనుగోళ్లు మొదలు.
- నమూనా సేకరణ పత్రం, అప్పగింతల పత్రం తెలుగులోనూ. గ్రామంలో గొర్రెల కాపరి దగ్గర నమూనా తీసే పశువైద్య సహాయకుడు ఇంగ్లిషు పత్రంలో ఖాళీలు వదిలేస్తే ఆ నమూనా కోర్టులో నిలవదు.
- భాగస్వామి ల్యాబ్ సిబ్బందితో ఒక ఉత్తుత్తి కేసు: సేకరణ నుంచి నివేదిక దాకా.

ఆ ఉత్తుత్తి కేసును ఏటా చేయండి. ఒకసారి పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ను, మరోసారి డిఫెన్స్ న్యాయవాదిని పిలిచి మీ నివేదికను ప్రశ్నించమనండి. విధానంలోని రంధ్రాలు సమీక్ష సమావేశాల్లో కంటే అక్కడ త్వరగా బయటపడతాయి.

## 11. ప్రతిపాదన తిరిగొస్తే

పరీక్షకుల వ్యాఖ్యలను మూడు కుప్పలు చేయండి: అర్థం కాక అన్నవి, నిజంగా లోపమున్నవి, ఆ సంస్థ పరిధి కాదన్నవి. మూడో కుప్ప పెద్దదైతే తలుపు మార్చండి, ప్రతిపాదన మార్చనక్కర్లేదు. మొదటి కుప్ప పెద్దదైతే మొదటి పేజీ మళ్లీ రాయండి.

ఎక్కువగా వచ్చే వ్యాఖ్యలు, వాటికి మరమ్మతు:

"కొత్తదనం లేదు." సీక్వెన్సింగ్ కొత్తది కాదు, నిజమే. మీ కొత్తదనం స్థానిక స్ట్రెయిన్ల సంచయంలో, గణాంక లెక్కలో, క్షేత్ర నమూనా పద్ధతిలో ఉందని మొదటి పేజీలోనే చెప్పండి.

"నమూనాలు దొరుకుతాయన్న హామీ లేదు." పశుసంవర్ధక శాఖ నుంచి జిల్లాల పేర్లతో లేఖ తెచ్చి జతచేయండి. అప్పటిదాకా చేతిలో ఉన్న కొద్ది ఐసొలేట్ల మీద ప్రాథమిక ఫలితం చూపండి.

"పరిధి మరీ విస్తృతం." జీవుల సంఖ్య తగ్గించండి, జిల్లాల సంఖ్య తగ్గించండి. ధ్రువీకరణ భాగాన్ని మాత్రం ఒక్క పంక్తి కూడా తగ్గించకండి.

"బడ్జెట్ ఎక్కువ." ముందు యంత్రాన్ని తీసేయండి. ఆ తర్వాత ప్రయాణాలను జిల్లాల వారీగా కలపండి. నాణ్యత అధికారి పద్దు, పోలిక పరీక్షల పద్దు కోస్తే పద్ధతి కోర్టు గడప దాటదు కాబట్టి, వాటిని తీసేయమంటే ఒప్పుకోకుండా కారణాన్ని రాతలో పెట్టండి.

తిరిగి సమర్పించేటప్పుడు ఒక పేజీ పట్టిక జతచేయండి: వ్యాఖ్య, చేసిన మార్పు, ఆ మార్పు కనిపించే పేజీ సంఖ్య. కొత్త తేదీ, కొత్త కొటేషన్లు, గడువు తీరని అంగీకార పత్రాలు ఉన్నాయో లేదో చూసుకుని తదుపరి పిలుపుకు పంపండి.